స్తంభం చుట్టూ సందు

"ఎవరూ కదలొద్దు," అన్నాడు చుక్కల సారు. అబ్జర్వేటరీ పెద్దకి కొండ మీద అందరూ పెట్టుకున్న పేరది.

గుమ్మటం కింద ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. తెల్లచొక్కా అతిథి ఒకాయన ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు, అంతకు మించి ఏ నేరమూ చెయ్యలేదు, దానికే గోడ మీది తెరలో నక్షత్రం ఎగిరిపడింది. సూదిమొనలా నిలబడాల్సిన చుక్క గట్టున పడ్డ చేపలా కొట్టుకుని, కొట్టుకుని, నెమ్మదిగా సర్దుకుంది. చుక్కల సారు మడమతో నేలను ఒక్కసారి తన్నాడు. చుక్క మళ్లీ ఎగిరింది. అప్పుడాయన వంగి, టెలిస్కోపును మోస్తున్న కాంక్రీటు స్తంభం మొదట్లో, స్తంభమూ నేలా కలిసే చోట వేలు ఆనించి చుట్టూ రాశాడు. అక్కడ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. లేదు. నల్లగా, నున్నగా, పళ్లెం అంచులా గుండ్రంగా తీర్చిన సిమెంటు ఉంది.

"ఈ సందు ఎవరు పూడ్చారు?"

తెర ముందు కూర్చున్న ఆపరేటర్ గొంతు సవరించుకుని, "సార్, తాగుబోతు వచ్చే వేళయింది," అన్నాడు. తాగుబోతంటే మనిషి కాదు. ఎప్పుడో ఎవరో పైకి పంపి, పనైపోయాక అక్కడే వదిలేసిన రాకెట్టు డొక్కు. ఆకాశంలో పల్టీలు కొడుతూ తిరుగుతుందని ఆపరేటర్ దానికా పేరు పెట్టాడు. ఈ అబ్జర్వేటరీ మొదటిసారి కన్ను తెరిచి చూడబోయేది దాన్నే.

"సరే, ముందు వాణ్ని చూద్దాం. వాడు దాటిపోయేదాకా ఎవరూ కాలు కదపొద్దు. దగ్గొచ్చినా మింగెయ్యండి. ఇది ఎవరి పనో తర్వాత తేలుద్దాం. ఎవరైనా సరే, రేపట్నుంచి ఆ మనిషి ఈ కొండెక్కకూడదు."

ఆ పని ఎవరిదో ఆమెకు తెలుసు. ఈ కట్టడానికి సివిల్ ఇంజనీరు ఆమె. పునాది తవ్వకం నుంచి తలుపు గొళ్లెం దాకా అన్నీ ఆమె చేతిమీదుగా జరిగినవే. గుమ్మటం చీలిక తెరిచే చక్రాలకు నాసిరకం బేరింగులు వచ్చాయని, వాటిని మార్పించడానికి కొండ దిగి పట్నం వెళ్లి వారం ఉండిపోయింది, ఇవాళ మధ్యాహ్నమే తిరిగొచ్చింది, అప్పటికి నేల మీద టార్పాలిన్ కప్పేసి ఉంది, అతిథులు వచ్చే ముందు దాన్ని లాగి చుట్టినప్పుడు చూసింది. చూడగానే తెలిసిపోయింది. చేతిరాతను బట్టి మనిషిని పోల్చుకున్నట్టే. తడి బొటనవేలితో అంచు దిద్దే మేస్త్రీ ఇంకొకరు లేరు, అందరూ తాపీతో ఒక గీత గీసి వదిలేస్తారు, ఈయన మాత్రం చివర్లో వేలు నీళ్లలో ముంచి పసిపిల్ల మూతి తుడిచినట్టు అంచంతా తుడుస్తాడు. వాళ్లింట్లో పొయ్యి గట్టు అలాగే ఉంటుంది. గడపలు అలాగే ఉంటాయి. ఆమె నడక నేర్చే రోజుల్లో, పడితే తల చిట్లుతుందని, ఇంటి మెట్లన్నిటికీ ఆయన అలాగే మొనలు తీసేశాడు. ఇప్పుడా మనిషి స్తంభానికి అవతలి పక్క, తను పూసిన గోడకు వీపు ఆనించకుండా, చేతులు కట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. మేస్త్రీ. ఆమె నాన్న. ఈ రెండో సంగతి కొండ మీద ఎవరికీ తెలియదు.

కదలొద్దంటేనే ఒళ్లంతా కదలాలనిపిస్తుంది. పిక్కలో ఏదో పాకుతోంది, చీమో, నరమో. గుమ్మటం చీలికలోంచి ఆకాశం ముక్క ఒకటి కనిపిస్తోంది, ఇంకా పూర్తిగా నల్లబడలేదు, తుడిచిన పలక రంగులో ఉంది. కింద మనకు సూర్యుడు దిగిపోయాడు, పైన తిరిగేవాటికి ఇంకా దిగలేదు, అందుకే ఈ మునిమాపు వేళ అవి మెరుస్తాయని చుక్కల సారు ఇందాక అతిథులకు చెప్పాడు. ఇంకా చెప్పాడు, ఊడిన రంగు పెచ్చు దగ్గర్నుంచి రాకెట్టు డొక్కు దాకా పైనున్న ప్రతి ముక్కా ఎవరో ఒకరు వదిలిందే, కానీ అడిగితే ఎవరూ నాది అనరని. అతిథులు నవ్వారు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వింది. నాన్న నవ్వలేదు. ఇక్కడ ఆయనకు నవ్వాలో వద్దో తేల్చుకోవడానికే కాసేపు పడుతుంది. ఇంట్లో అయితే తన జోకుకి తనే అందరికంటే ముందు నవ్వుతాడు. "పైన చెత్త చూడటానికి ఇంత పెద్ద ఇల్లా! మన వీధి చివర కుప్పను చూడటానికి ఒక్కడూ రాడే!" అని కంచం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్విన మనిషి. కొండెక్కగానే చేతులు కట్టుకుంటాడు. కట్టుకోమని ఆమె చెప్పలేదు. చెప్పలేదు గానీ.

చెప్పలేదు గానీ, ఆ మొదటి రోజు జీపులోంచి చుక్కల సారు వెనకే దిగినప్పుడు, గుండ్రటి గోడ కట్టడానికి కాంట్రాక్టరు తెచ్చిన ముఠా లారీలోంచి పలకలు దించుతోంది, అందులో నాన్న ఉంటాడని ఆమెకు తెలియదు, తలకు చుట్టిన తువ్వాలు విప్పి దులుపుకుంటూ ఆయన ఇటు తిరిగాడు. తిరిగి, మొహమంతా విప్పారి, చిట్టీ అనబోయాడు. పెదాలు ఆ ఆకారంలోకి కూడా వచ్చాయి. అప్పుడు తన మొహం ఏం చేసిందో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆయన మొహమే గుర్తొస్తుంది గానీ తనది రాదు. కనుబొమలు ముడిపడ్డాయా? చుక్కల సారువైపు ఓరగా చూసిందా? ఏదో చేసే ఉంటుంది. చిట్టీ అన్న మాట ఆయన నోట్లోనే ఆగిపోయింది, ఒక కన్ను కొంచెం మూసి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం మేడమ్ గారూ," అన్నాడు. వేళాకోళమే. కన్ను గీటి మరీ చేసిన వేళాకోళం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో గొప్పగా చెప్పాడు, "ఇవాళ నీ కూతురికి దణ్ణం పెట్టాను, తెలుసా!" అమ్మ నవ్వలేదు. కూర కలుపుతున్న గరిటె ఆపి, "పెట్టిన నీకు సిగ్గు లేదు, సరే. పెట్టించుకున్నదానికి?" అంది. నాన్నే అమ్మను కసిరాడు, ఉద్యోగమన్నాక సవాలక్ష ఉంటాయి, నీకేం తెలుసు, ఊరుకో అని. ఆమె గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఒక్క పూటకి సరిపోయే వేళాకోళం, రేపు చెప్పేద్దాం అనుకుంది. రేపు చెప్పలేదు. ఎల్లుండికి చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఎల్లుండి చెప్పాలంటే నిన్న ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అలా అలా ఏడాది పాకింది. కన్ను గీటడం ఎప్పుడు మానేశాడో ఆమె గమనించలేదు. ఒక రోజు చూస్తే, మేడమ్ గారూ అంటున్నాడు, కన్ను గీటడం లేదు.

ఆపరేటర్ ఏవో అంకెలు గొణుగుతున్నాడు. టెలిస్కోపు దానంతటది తిరిగి, చెట్ల మీంచి ఆకాశం మొదలయ్యే చోటికి మూతి తిప్పి ఆగింది. తాగుబోతు అటునుంచి వస్తాడు. నాన్న తన కాళ్లవైపు చూసుకుంటున్నాడు, కాదు, నేలవైపు, కాదు, ఆ నల్లటి అంచువైపు. అర్థమైందా ఆయనకి? చుక్క ఎగరడానికీ ఆ సిమెంటుకీ సంబంధమేమిటో అర్థమైందా? అర్థమయ్యే ఉంటుంది, నుదురు మెరుస్తోంది, చెమట. గోడలకు డాక్టరు అని ఊళ్లో ఆయనకు పేరు. ఎవరింటికి వెళ్లినా కూర్చోడు, ముందు గోడ దగ్గరికెళ్లి వేలి కణుపుతో టకటక కొడతాడు, చెవి పెట్టి వింటాడు, "లోపల బోలు," అని తీర్పు చెప్పేస్తాడు. ఆమె బళ్లో చదివేటప్పుడు టీచరింటికి తీసుకెళితే, వాళ్లు కొత్తగా కట్టుకున్న ఇల్లు, టీచరు భర్త ఎంతో మురిపెంగా గదులన్నీ చూపిస్తుంటే, నాన్న హాల్లో గోడ కొట్టి, "మిమ్మల్ని నిండా ముంచాడండీ మేస్త్రీ," అన్నాడు. టీచరు భర్త మొహం పాలిపోయింది. ఆమె టీచరు కొంగు వెనకాల దాక్కుంది. దాక్కుంటే మాత్రం, ఆ కొట్టే చప్పుడు చెవుల్లో పడకుండా పోతుందా? అమ్మ ఆపరేషను రోజున డాక్టరు గదిలో కూడా కొట్టాడు. ఊరికే కూర్చోలేడు, చేతులు ఊరుకోవు. ఆయన పేదరికానికి ఎప్పుడూ తలొంచుకోలేదు ఆమె, చినిగిన చొక్కాకి తలొంచుకోలేదు, సిమెంటు పట్టిన గోళ్లకి కూడా లేదు. ఆ టకటకకి తలొంచుకుంది. అడగని చోట చెప్పే ఆ తీర్పుకి. అంతేనా? నిజంగా అంతేనా? వెనకటి ఉద్యోగంలో ఒక శ్లాబు బీటవేసినప్పుడు, అది ఆమె చూసింది కాదు, పక్కవాడి పని, అయినా అక్కడి పెద్ద ఇంజనీరు అందరి ముందూ ఆమెవైపు తిరిగి, "మేస్త్రీ కూతురివి, నీకు కదమ్మా తెలియాలి!" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి తాపీ మేడమ్. తిట్టేం కాదు అది, ప్రేమగానే పిలిచారు, క్యాంటీన్లో ముందు ఆమెకే టీ ఇచ్చేవాళ్లు. అయినా ఆ పేరు వీపున అంటుకున్న కాగితంలా ఉండేది. ఇక్కడ చేరినప్పుడు ఒట్టు పెట్టుకుంది, ఈసారి నేను ఎవరి కూతుర్నీ కాను, ఇంజనీర్ని. ఎంత చక్కటి ఒట్టు. ఎంత చక్కగా నిలబెట్టుకుంది.

ఎవరికో ఊపిరి బరువుగా ఆడుతోంది. తనకేనేమో. ఈ స్తంభం కొండ రాతిలోంచి తనంత తాను లేచి వచ్చింది, చుట్టూ గది దాన్ని ఎక్కడా ముట్టుకోదు, మనిషి అడుగు నేలకు తెలుస్తుంది గానీ స్తంభానికి తెలియకూడదు, అందుకే చుట్టూ సందు. ఈ మాట ఆమె ఎంతమందికి చెప్పలేదు! సూపర్వైజరుకి చెప్పింది. కరెంటు పనివాళ్లకి బొమ్మ గీసి చెప్పింది. టీ ఫ్లాస్కు మోసుకొచ్చే మనిషి, "ఇదేంటి మేడమ్, నేలకి కన్నం వదిలేశారు?" అంటే అతని చేతిలో గ్లాసు తీసుకుని, నీళ్లు పోసి, బల్ల గుద్ది, నీళ్లెలా వణుకుతున్నాయో చూపించి మరీ చెప్పింది. ఆ టీ మనిషికి ఇప్పుడు అర్థమై ఉంటుంది చుక్క ఎందుకు ఎగిరిందో. నాన్న కూడా అడిగాడు. అదే మాట. చుక్కల సారు పక్కనే ఉన్నాడప్పుడు, గుమ్మటం రేకుల గురించి ఏదో మాట్లాడుతున్నారు, నాన్న చేతిలో తాపీతో వచ్చి, "ఈ సందేమిటి మేడమ్ గారూ? పోతపోసేటప్పుడు మర్చిపోయినట్టున్నారు," అన్నాడు. చెప్పొచ్చు. రెండు ముక్కల్లో అయిపోయేది. కానీ చెప్పడం మొదలుపెడితే ఆయన ఊరుకోడు, ఆగాగు అంటాడు, అదెట్లా అంటాడు, మోకాళ్ల మీద కూర్చుని స్తంభాన్ని టకటక కొడతాడు, ఇంటి గొంతు బయటికొచ్చేస్తుంది, ఆమెకూ ఇంటి గొంతే వచ్చేస్తుంది, అబ్బా విను నాన్నా అనేస్తుంది, పక్కన చుక్కల సారు. "డ్రాయింగులో ఎలా ఉంటే అలా చెయ్యి మేస్త్రీ," అంది. ఇంట్లోనూ నువ్వనే అంటుంది ఆయన్ని. కానీ ఆ నువ్వు వేరు, ఈ నువ్వు వేరు. ఆయన ఇంకోసారి ఆ సందువైపు చూసి, "అట్లాగే," అని వెళ్లిపోయాడు. అట్లాగే అన్నాడంటే అర్థమైందని కాదు, చిన్నప్పట్నుంచీ తెలుసు, నీ తప్పు నేను చూసుకుంటాలే అని. అదీ అసలు సంగతి. ఆయన ఆ సందును డ్రాయింగు అనుకోలేదు, కూతురి మరుపు అనుకున్నాడు. పెద్దవాళ్లు వస్తారు, దీపాలు వెలుగుతాయి, నేల మధ్యలో కన్నం చూసి నా కూతుర్ని నలుగురూ వేలెత్తి చూపిస్తారు అనుకున్నాడు. ఆమె ఊళ్లో లేనప్పుడు, ముఠాను ముందే పంపించేసి, ఎవరికీ తెలియకుండా, ఒక్కడే కూర్చుని పూడ్చి ఉంటాడు. ముఠాకు కూడా తెలియకూడదు, మేడమ్ గారు మర్చిపోయారని. వేలు నీళ్లలో ముంచి, అంచు తుడిచి.

చెప్పేస్తే? ఇప్పుడు కాదు, ఇప్పుడు నోరు విప్పకూడదు, ఊపిరి గట్టిగా వదిలినా చుక్క వణుకుతుందేమో. తర్వాత. తర్వాత మూడు దార్లున్నాయి, ఏం బుర్ర ఇది, ఇలాంటప్పుడు ఎంత చురుగ్గా పనిచేస్తుంది! డ్రాయింగులో సరిగా లేదు సార్ అనొచ్చు. అది అబద్ధం, డ్రాయింగు గీసింది చుక్కల సారే. నేను లేనప్పుడు ఎవరో చేశారు సార్, కనుక్కుంటాను అనొచ్చు. అది సగం నిజం, ఎవరో అన్న మాట దగ్గర నాలుక తెగిపడకపోతే. లేదా ఊరికే ఉండొచ్చు. ఊరికే ఉంటే పనులు వాటంతటవే జరిగిపోతాయని ఏడాదిగా నేర్చుకుంది కదా. గుండ్రటి గోడ పూర్తయిన రోజు, దాని మీద ఇనుప పట్టాలు వేసి గుమ్మటం తిప్పితే ఎక్కడా కిర్రుమనకుండా తిరిగింది, చుక్కల సారు చిన్నపిల్లాడిలా గోడ చుట్టూ చెయ్యి రాస్తూ నడిచి, "ఎవరండీ ఈ మేస్త్రీ? ఎక్కడ పట్టారు ఇతన్ని?" అన్నాడు. ఇదీ సమయం. ఇంతకంటే మంచి సమయం ఏ జన్మలోనూ రాదు. గర్వంగా చెప్పుకోవాల్సిన సమయం, ఎవరూ నవ్వని సమయం. నాన్న కాస్త దూరంలో తాపీ కడుగుతున్నాడు, కడగడం ఆపేశాడు, తల తిప్పలేదు, చెవి మాత్రం ఇటే ఉంది. "మా వైపు మనిషే సార్," అంది ఆమె. "నమ్మకస్తుడు." నాన్న మళ్లీ తాపీ కడగడం మొదలుపెట్టాడు. కడిగిందే కడిగాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె తలెత్తలేదు, ఆయన మాత్రం అమ్మతో అన్నాడు, "సారు మెచ్చుకున్నాడే. మన చిట్టి కూడా నమ్మకస్తుడని చెప్పింది." ఎకసెక్కం కాదు. అదే చంపేసింది. నిజంగానే సంబరపడ్డాడు.

"వస్తున్నాడు," అన్నాడు ఆపరేటర్.

దీపాలు ఆర్పేశారు. టెలిస్కోపు కదిలింది, మెల్లగా మొదలై, తర్వాత ఒక్క ఊపున, అంత బరువైన వస్తువు అంత తేలిగ్గా తిరుగుతుందని ఆమె లెక్కల్లో చూసింది గానీ కళ్లతో చూడలేదు, గుమ్మటం దాని వెంట గుండ్రటి గోడ మీద నూనె జారినట్టు జారింది. తెర మీద నక్షత్రాలు గీతలైపోయాయి, వాటి మధ్యలో ఒక్క చుక్క మాత్రం నిలబడింది. వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది, ఈసారి ఇంకా ఎక్కువగా, పల్టీ కొడుతూ ఎండకు ఒళ్లు తిప్పినప్పుడల్లా వెలుగుతోంది, ఒళ్లు దాచుకున్నప్పుడల్లా ఆరుతోంది. ఎవరూ ఊపిరి తియ్యడం లేదు. చుక్క వణకడం లేదు. ఇంతమంది మనుషులు కాళ్లు బిగబట్టుకుని ఒక చెత్తముక్క కోసం నిలబడ్డారు. ఎవరిదో ఎవరికీ తెలియని ముక్క, ఎవరూ రమ్మనని ముక్క, తన దారిన తను తిరుగుతోంది. తెర వెలుగులో నాన్న మొహం కనిపించింది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఏడాదిపాటు కట్టిన ఇల్లు ఎందుకో ఆయన ఇప్పుడే చూస్తున్నాడు. చుక్క వెలిగినప్పుడల్లా ఆయన కళ్లు పెద్దవవుతున్నాయి, ఆరినప్పుడల్లా కిందికి, ఆ నల్లటి అంచు మీదికి దిగుతున్నాయి. పైకి, కిందికి. పైకి, కిందికి. ఆయనకు మొత్తం అర్థమైపోయిందని, ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. అర్థమైనందుకు ఆయన మొహం ముడుచుకుపోతోంది. తెర వైపు చూడలేకపోయింది ఆమె. చూడాల్సింది అదే, ఏడాది పని అదే, కానీ చూడలేకపోయింది. చెంపలు మండుతున్నాయి, చీకట్లో ఎవరికీ కనిపించదు కాబట్టి ఇంకా మండుతున్నాయి. తాగుబోతు ఆకాశం అవతలి అంచుకు తూలుకుంటూ వెళ్లి, భూమి నీడలో పడి, పుటుక్కున ఆరిపోయాడు.

చప్పట్లు. దీపాలు. అందరి కాళ్లూ ఒక్కసారిగా కదిలాయి. తెర మీదికి మళ్లీ తెచ్చిన నక్షత్రం పిచ్చెత్తినట్టు గంతులేసింది. చుక్కల సారు చప్పట్లు కొట్టలేదు. "బాగుంది," అన్నాడు. "బొమ్మల్లా నిలబడితే బాగుంది. రోజూ ఇలా నిలబడలేం కదా. ఇప్పుడు చెప్పండి. ఎవరు?"

ఆమె నోరు తెరిచేలోపే నాన్న గోడ దగ్గర్నుంచి కదిలాడు. ఇస్త్రీ చొక్కా, కట్టుకున్న చేతులు. అడుగు వేసినప్పుడల్లా చుక్క ఎగురుతోంది, అది చూసి ఇంకా మెత్తగా అడుగులు వేస్తున్నాడు, దొంగలా, తను వేసిన నేల మీద తనే.

"నేనే సార్. మేడమ్ గారు ముందే చెప్పారు, ఆ సందు ముట్టుకోవద్దని. నాకే బుద్ధి లేదు. పురుగూ పుట్రా దూరుతుంది, కడిగిన నీళ్లు కిందికి దిగుతాయి అనుకున్నా. మేడమ్ ఊళ్లో లేనప్పుడు పూడ్చేశా. వారిది ఇందులో ఏం లేదు."

"మీరా!" అన్నాడు చుక్కల సారు. కోపం కంటే దిగులే ఎక్కువగా వినిపించింది. "ఆ గోడ చేసిన మనిషి ఈ పని చేశాడా? చెప్పాక కూడానా?"

"అతి తెలివి సార్. వయసు మీదపడింది."

"సార్," అంది ఆమె. "ఈయన మా నాన్న."

అందరి తలలూ ఆమెవైపు తిరిగేలోపే నాన్న నవ్వాడు. ఇక్కడ ఎప్పుడూ నవ్వని మనిషి, ఇంటి నవ్వు, పొలమారే నవ్వు.

"మేడమ్ గారిది జాలి గుండె సార్. నన్ను పన్లోంచి తీసేస్తారని అట్లా అంటున్నారు. నా కూతురే ఇంత చదువు చదివుంటే ఈ వయసులో నేనెందుకు సార్ తాపీ పట్టుకుంటాను?"

ముందు తెల్లచొక్కా అతిథి నవ్వాడు. తర్వాత ఆపరేటర్. తర్వాత అందరూ, బిగబట్టిన ఊపిరంతా నవ్వుగా వదిలేశారు, చుక్కల సారు కూడా తల ఊపుతూ నవ్వాడు. ఎంత తేలిగ్గా నమ్మేశారు! నమ్మరా మరి? నమ్మేలా ఏడాదిపాటు రోజూ తనే కదా పూత పూసింది, ఒక పూత ఆరాక ఇంకో పూత. ఇప్పుడు నాన్న తన కోసం తలుపు తీసి పట్టుకుని నిలబడ్డట్టుంది, తప్పించుకుని వెళ్లిపోమంటున్నట్టుంది, ఆ నవ్వుతో కలిసి ఒక్క చిరునవ్వు నవ్వితే చాలు, అంతా అయిపోతుంది. ఆయన కొండ దిగిపోతాడు, రాత్రి అన్నం దగ్గర దీన్ని కూడా ఒక జోకు చేసి అమ్మకు చెప్తాడు. ఆమె పెదాలు నిజంగానే కొంచెం విచ్చుకున్నాయి. అలవాటు. అది తెలిసి ఒళ్లంతా కంపరమెత్తింది.

"అబద్ధాలాడకు నాన్నా!" అరిచింది. ఇంటి గొంతు. గోడకి తగిలి గుమ్మటమంతా మారుమోగింది. "నేనెప్పుడు చెప్పాను నీకు ముట్టుకోవద్దని? అడిగావు కదా ఎందుకని? డ్రాయింగు చూసుకో పో అన్నాను. టీ అతనికి చెప్పాను గానీ నీకు చెప్పలేదు. అన్నీ తెచ్చి నీ నెత్తిన వేసుకోకు. ఇంకొక్క అబద్ధం ఆడావంటే ఇంటికెళ్లి అమ్మకి చెప్తాను, నీ ఇష్టం!"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేస్త్రీలతో ఎవరూ అలా మాట్లాడరు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. కట్టుకున్న చేతులు విడిపోయాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా కొస పట్టుకున్నాడు.

"మధ్యలో మీ అమ్మెందుకే," అని గొణిగాడు.

చుక్కల సారు ఆయన్ని చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ ఆయన్ని చూశాడు. ముక్కు దగ్గర ఏదో పోలిక వెతుక్కుంటున్నట్టు. "ఏడాది నుంచీ," అన్నాడు. "ఏడాది నుంచీ రోజూ పక్కపక్కనే ఉన్నారు. ఎందుకు చెప్పలేదమ్మా?"

జవాబులు బోలెడున్నాయి. ఉద్యోగం, పద్ధతి, బంధుప్రీతి అంటారేమోనని. చురుకైన బుర్ర అవన్నీ వరసగా తెచ్చి ముందు పెట్టింది. వాటిలో ఒక్కటీ ఎత్తుకోలేకపోయింది, ఎందుకంటే ఆయన వింటున్నాడు.

"నామోషీ అనిపించింది సార్," అంది.

ఎవరో తుమ్మారు. అతిథులు గడియారాలు చూసుకున్నారు, చీలికలోంచి ఆకాశం చూశారు, ఎటైనా చూడొచ్చు కాబట్టి ఎటో చూశారు. నాన్న మాత్రం ఆమెనే చూశాడు. ఆయనకు ఇది తెలియని సంగతేం కాదు, మొదటి రోజు లారీ దగ్గరే తెలుసు. తెలియడం వేరు, అందరిలో ఆ మాట చెవిన పడటం వేరు. ఆయన మొహం మీద ఆ మాట పడటం, పడి లోపలికి దిగడం, దిగి ఎక్కడో ఆగడం ఆమె చూసింది. చూపు తిప్పుకోలేదు. ఇది కూడా చూడకుండా తప్పించుకుంటే ఇంక తను మనిషే కాదనుకుంది.

చుక్కల సారు వంగి ఆ అంచును గోటితో గీకాడు. గీత పడలేదు. "రాయిలా ఉంది," అన్నాడు. "ఈయన్ని కొండెక్కొద్దంటే దీన్ని పగలగొట్టేవాడు మనకు దొరకడు." ఆమెతో అసలు మాట్లాడకుండా అతిథుల్ని తీసుకుని మెట్లు దిగిపోయాడు. ఆపరేటర్ తెర ఆపేసి, ఆమె పక్కనుంచి తలొంచుకుని వెళ్లాడు.

నాన్న అక్కడే గొంతుక్కూర్చుని, చేతిని స్తంభం మీద పెట్టి, నేలను ఇంకో చేతి కణుపుతో టకటక కొట్టాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మళ్లీ కొట్టాడు. ఆ చప్పుడు ఈసారి కూడా ఆమెకు చెంపదెబ్బలాగే తగిలింది. అలవాట్లు ఒక్క పూటలో పోతాయా? ఆయన తలెత్తలేదు.

"పొద్దున్నే మొదలుపెడతా," అన్నాడు. "స్తంభానికి దెబ్బ తగలకుండా తియ్యాలి. నువ్వు పక్కనుండు. ఎంత మేర తియ్యాలో చెప్పు." ఆ అంచును బొటనవేలితో తడిమాడు. "ఎందుకో కూడా చెప్పు. సగం సగం అర్థమైంది నాకు."

ఆమె వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. టీ మనిషికి తడుముకోకుండా చెప్పిన మాట, ఎంతసేపటికీ నోట్లోంచి రాలేదు.